చూసి సంతకం పెట్టే మనిషి

మా కింది క్వార్టర్ అంకుల్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున ఢిల్లీ ఆర్.కె. పురంలో ఆఫీసు బస్సు కోసం వరసలో నిలబడి, ముందు ఇంకా నలుగురు ఉండగానే కుప్పకూలిపోయారట. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన వరస తప్పడం అదే మొదటిసారి. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది కాబట్టి నిబంధనల ప్రకారం దీన్ని అనుమతి లేని గైర్హాజరు కిందే రాసుకోవాలి.

పోయిన మనిషి మీద ఇలాంటి జోకులు వెయ్యకూడదని నాకూ తెలుసు. కానీ నాలుగేళ్లుగా ఈ కాలనీలో ఆయన మీద తిరిగిన జోకులన్నీ నేను తయారుచేసినవే. ఇవాళ ఉన్నట్టుండి మానేస్తే మీకు అనుమానం వస్తుంది. ఆ అనుమానం నిజమేనని చెప్పడానికే మన కాలనీ తెలుగువాళ్ల పత్రికలో ఈ నాలుగు పేజీలు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆయన ఒక మంత్రిత్వ శాఖలో కొనుగోళ్ల విభాగంలో ఆఫీసరు. ఫ్యాన్లు, కుర్చీలు, కర్టెన్లు కొనేవారు. ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, అవి కూడా కొనాల్సిందే కాబట్టి, వాటితో వచ్చిన పుస్తకాలన్నీ కూర్చుని చదివారు. అప్పటినుంచి మన తెలుగు ఇళ్లలో ఏ పిల్లకి, ఏ పిల్లాడికి కంప్యూటర్ కావాలన్నా సామాను ఎంచిపెట్టే బాధ్యత ఆయనే నెత్తినేసుకున్నారు. విడి భాగాలు కొని కట్టించుకుంటే చవక. అయితే ఏ భాగం కొనాలో, ఏది మానాలో తెలియాలి. అది ఆయనకు తెలుసు. తెలుసన్న సంగతి మనకు తెలియజేయడం ఆయనకు ఇంకా బాగా తెలుసు.

ఆదివారం పది గంటలకు కింది వరండాలో చెక్కబల్ల, దాని వెనక ఇస్త్రీ చొక్కాలో ఆయన. కంప్యూటర్ దేనికి కావాలో తెల్లకాగితం మీద అప్లికేషన్ రాసి తేవాలి. ఆకుపచ్చ సిరా పెన్నుతో ఒక్కో లైనూ చదువుతూ కొట్టేసేవారు.

"గ్రాఫిక్స్ కార్డు దేనికి బాబూ?"

"ఫ్యూచర్‌లో పనికొస్తుందని, అంకుల్."

"నీ ఫ్యూచర్ మొన్న మార్కుల లిస్టులో చూశాను. కార్డు కొట్టేస్తున్నా."

ఒకసారి కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగ్ తీసుకుంటున్న ఒకాయన వచ్చాడు, నోట్సు టైపు చేసుకోడానికి చవకలో ఏదైనా చెప్పమని. ఎన్నో అటెంప్టని అంకుల్ అడిగారు. నాలుగోదన్నాడు. "అయితే నీకు కంప్యూటర్ కాదయ్యా, ఊరికి టిక్కెట్టు కొనుక్కో" అన్నారు. ఆయన అలాగే కొనుక్కుని వెళ్లిపోయాడు. పాపం ఐదోసారి పాసయ్యేవాడేమో. మేం పిల్లలం మాత్రం ఆ మాట తలుచుకుని నెల్లాళ్లు నవ్వాం. నాకు నాలుక ఎలా వాడాలో నేర్పిన గురువు ఆయనే. ఆ రుణం ఆయన మీదే తీర్చుకుంటానని అప్పుడు తెలియదు.

ఆయన ఎంపికలో ఒకటే సూత్రం. "కంటికి కనపడేవాటి మీద ఎవడైనా ఖర్చు పెడతాడు. కనపడని డబ్బా చూసి కొన్నవాడే కంప్యూటర్ కొన్నట్టు." ఆ డబ్బా పవర్ సప్లై. ఇంటి కరెంటుని లోపలి భాగాలకు తగినట్టు పంచిపెట్టేది. షాపులో దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఆంటీ కూరగాయలు ఏరినట్టు, బరువు చూసేవారు. తేలిగ్గా ఉంటే లోపల రాగి లేదని పక్కన పెట్టేసేవారు.

నాలుగేళ్ల కిందట ఆ బల్ల ముందుకి మా అక్క వెళ్లింది. గ్రేటర్ నోయిడాలో ఇంటీరియర్ డిజైన్ చివరి ఏడాది. ఒక పిల్లల లైబ్రరీని గది గదీ త్రీడీలో కట్టి, లోపల నడిచినట్టు చూపించడం ఆఖరి ప్రాజెక్టు. అది నెగ్గితే గుర్‌గావ్‌లో ఒక డిజైన్ కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. కాలేజీ ల్యాబులో కంప్యూటర్ దొరకాలంటే తెల్లారకుండా వరసలో నిలబడాలి. నాన్న ఇరవై ఐదు వేలు ఇస్తానన్నారు.

అక్క అప్లికేషన్‌లో అంకుల్ ఒక్క లైను కూడా కొట్టెయ్యలేదు. "ఈ పిల్లకి ఏం కావాలో ఈ పిల్లకి తెలుసు" అన్నారు. ఆయన నోట అంతకు మించిన పొగడ్త ఎవరూ వినలేదు. మూడు ఆదివారాలు కూర్చుని లిస్టు రాశారు. మెమరీ రెట్టింపు చేశారు, మానిటర్ సైజు తగ్గించారు, గ్రాఫిక్స్ కార్డు అక్క పనికి సరిపడేది పెట్టారు, పవర్ సప్లై విడిగా మంచిది రాశారు. "ఎండాకాలం మన కరెంటు సంగతి తెలుసుగా అమ్మా. నీ బొమ్మ ఒక్కోటి తయారవడానికి గంటలు పడుతుంది. అంతసేపూ ఆ డబ్బా తట్టుకోవాలి."

నాకు మాత్రం పెద్ద కార్డు కావాలి. అప్పుడే పన్నెండో తరగతి పరీక్షలు రాశాను. కార్ల రేసు ఆట ఒకటి వచ్చింది. వానకి తడిసిన రోడ్డు మీద లైట్ల నీడలు పడతాయి, పెద్ద కార్డు ఉంటేనే. మనవి చేసుకున్నాను.

"అప్లికేషన్‌లో నీ పేరు లేదు" అన్నారు, తల కూడా ఎత్తకుండా.

కొనే రోజున ఆయన ఆఫీసులో ఆడిట్ పడింది. నాన్న టూరులో ఉన్నారు, అక్క హాస్టల్లో. లిస్టు నా చేతికిచ్చి నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ల బజారుకి పంపారు. అక్కడ షాపువాడు కంప్యూటర్ కేబినెట్ పెట్టెతో పాటు ఊరికే వచ్చే పవర్ సప్లై చూపించాడు. బిస్కెట్ల డబ్బాలా తేలిగ్గా ఉంది. అది సరిపెట్టుకుని విడిగా రాసింది మానేస్తే, మిగిలినదానితో పెద్ద కార్డు వచ్చేస్తుంది. పెద్ద కార్డు కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుందని నాకు తెలుసు. తెలుసని కూడా ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను.

"బిల్ మే క్యా లిఖూ?" అన్నాడు షాపువాడు.

"లిస్టులో ఏముందో అదే రాయి భయ్యా" అన్నాను హిందీలో.

వాడు నన్ను ఎగాదిగా చూసి, "బడే హోకర్ సర్కారీ అఫ్సర్ బనోగే" అన్నాడు. పెద్దయ్యాక ప్రభుత్వ ఆఫీసరువి అవుతావని. సామాను బిగించి కేబినెట్‌కి వారంటీ సీలు వేశాడు.

సాయంత్రం అంకుల్ స్క్రూడ్రైవర్‌తో మా ఇంటికి వచ్చారు. ఆఫీసులో ఒక్కో పెట్టె విప్పించి ఫ్యాను రెక్కలు సహా లెక్కపెడితే గాని రసీదు మీద సంతకం పెట్టని మనిషి. నేను అడ్డంగా నిలబడి, "సీలు చింపితే వారంటీ పోతుందని మీరే చెప్పారు కదంకుల్" అన్నాను. ఆయన ఆగారు. ఆడిట్ వాళ్లు రోజంతా నమిలి ఊసిన మొహం. బిల్లుని లిస్టు పక్కన పెట్టుకుని ఒక్కో లైనుకీ ఆకుపచ్చ టిక్కు కొట్టారు. అన్నీ సరిపోయాయి. సరిపోక ఎక్కడికి పోతాయి?

"మన ఇంటి పిల్లాడు తెచ్చాడు, ఇంకేం చూస్తాం" అని, అలవాటు కొద్దీ బిల్లు కింద 'సరిచూశాను' అని రాసి సంతకం పెట్టారు.

అక్క సెలవులకి వచ్చి పగలంతా పనిచేసుకునేది. అది భోజనానికి లేచినప్పుడూ, స్నానానికి వెళ్లినప్పుడూ నేను రేసులాడేవాణ్ణి. కేబినెట్ వెనక చెయ్యి పెడితే చురుక్కుమనేది.

ప్రాజెక్టు చూపించాల్సిన రోజుకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, అక్క ఆఖరి బొమ్మ తయారుకి పెట్టి అన్నం తింటోంది. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి వచ్చింది. టప్ మని చప్పుడు, కాలిన వాసన. హార్డ్ డిస్కు కూడా పోయింది. పాత కాపీ సీడీ మీద ఉంది గాని, చివరి మూడు వారాల పని అంతా ఆ డిస్కులోనే ఉంది.

అంకుల్ ఆఫీసు నుంచి అటే వచ్చారు. సీలు చింపి మూత తీశారు. అక్క, అమ్మ, ఎదురు క్వార్టర్ ఆంటీ చుట్టూ నిలబడ్డారు. ఆయన పెద్ద కార్డుని చూశారు. పవర్ సప్లై విప్పి అరచేతిలో పెట్టుకున్నారు. తరవాత నావైపు చూశారు. నేను గోడ గడియారం వైపు చూశాను.

"ఏమైందంకుల్?" అంది అక్క.

డబ్బాని బల్ల మీద పెట్టి, "నా ఎంపికే తప్పమ్మా. చిన్న డబ్బా రాశాను" అన్నారు.

అక్క ఏడవలేదు. "మీరు కుర్చీలు కొనుక్కోండి అంకుల్. మనుషుల చదువులు మీకెందుకు?" అంది.

ఆయన మెట్లు దిగుతుంటే వెనకాలే వెళ్లాను. ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "నిన్ను కాపాడాననుకుంటున్నావేమో, అంత సీను లేదు. ఎంపిక తప్పితే పొరపాటంటారు. చూడకుండా సంతకం పెడితే దొంగతనంలో సగం వాటా అంటారు. ఆ సగం నాదని నలుగురికీ తెలిస్తే నేను ఆఫీసుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? నోరు మూసుకుందాం. నువ్వూ, నేనూ."

అక్కకి ఏడాది పోయింది. గుర్‌గావ్ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది. ఇప్పుడు నోయిడాలో వంటింటి అలమారాలు చేసే కంపెనీలో, ఎవరింటి గ్యాస్ బండ ఏ అరలో పట్టాలో బొమ్మలు గీస్తోంది.

నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. ఎవరైనా ఎప్పుడైనా ఆ కేబినెట్ గురించి సరిగ్గా అడుగుతారేమోనని భయం. అందుకని ముందే నవ్వించాలి. మన తెలుగువాళ్ల పిక్నిక్‌లో, పులిహోర గిన్నె దగ్గర, ఆయనకు 'పేలుడు పదార్థాల శాఖ' అని పేరు పెట్టాను. చదువుతున్న మీలో సగం మంది ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లే. మీ పిల్లలు ఆయన మెట్లెక్కుతుంటే వెనకనుంచి టప్ మని చప్పట్లు కొట్టినవాళ్లే. తప్పు మీది కాదు, సరుకు నాది.

తరవాత కూడా నాలుగైదు ఆదివారాలు ఆయన పది గంటలకి ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. పైన బాల్కనీలోంచి చూసేవాణ్ణి. ఎవరూ రాలేదు. ఆరో వారం నుంచి ఆ బల్ల మీద ఆంటీ మిరపకాయలు ఎండబెట్టడం మొదలుపెట్టారు.

ఆయన మంచితనంతో క్షమించారని రాస్తే మీకు బాగుంటుంది. అది అబద్ధం. పదిమందిలో నేను కనపడితే చాలు, భుజం మీద చెయ్యేసి, "ఏరా, బరువు పెరిగావే. లోపల రాగి ఉందా?" అనేవారు. అందరూ నవ్వేవారు. అందరికన్నా గట్టిగా నేను నవ్వేవాణ్ణి. నాకు ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పట్టుకెళ్తే, పెట్టెని అరచేతిలో ఎత్తి చూసి, లోపల పెట్టమని ఆంటీకిచ్చారు. మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. ఇవాళ ఏ వస్తువు కొన్నా ముందు చేతిలో పెట్టుకుని బరువు చూస్తాను. ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన్ని ముంచాక నేర్చుకున్నాను.

మంగళవారం అక్కకి ఫోన్ చేసి చెబితే, "అచ్ఛా" అంది. "క్లయింట్ ఉన్నాడు, సాయంత్రం మాట్లాడతా."

నిన్న ఆదివారం ఇంటికి వచ్చింది. కిందకెళ్లి ఆంటీని ఒకసారి పలకరించి రమ్మంది అమ్మ.

"నేనెందుకమ్మా? నా ఏడాది తిన్నాడాయన."

మూసుకోవాల్సిన నోళ్లు రెండింటిలో ఒకటి మూతపడింది. రెండోది ఇక నా వల్ల కాలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్లాక చెప్పేశాను. షాపు, బిల్లు, సీలు, సంతకం, అన్నీ. ఈసారి గడియారం వైపు చూడలేదు.

అక్క అంతా విని, "ఆట బాగా ఆడిందా?" అంది.

"ఆడింది."

"ఎన్నాళ్లు?"

"ఇరవై రోజులు."

హ్యాండ్‌బ్యాగ్ తీసుకుంది, చెప్పులు వేసుకుంది, తలుపు తీసుకుని దిగింది. కింద ఆంటీ బెల్లు మోగుతుందేమోనని చెవొగ్గాను. మోగలేదు. కాసేపాగి వెళ్లి రెయిలింగ్ మీదనుంచి తొంగి చూశాను. ఆంటీ గుమ్మం ముందరి మెట్టు మీద కూర్చుని ఉంది, బ్యాగు ఒళ్లో పెట్టుకుని. ఆంటీని పలకరించడానికి వచ్చేవాళ్లు వస్తున్నారు, వెళ్లేవాళ్లు వెళ్తున్నారు. ఎవరైనా దగ్గరికి వచ్చినప్పుడల్లా, తల ఎత్తకుండా, కాళ్లు గోడవైపుకి జరుపుకుని దారి ఇస్తోంది.