నాయన ఆకు, నా లెక్క

కర్నూలులో నేను పరిశోధన చేసిన గదిలో మైక్రోస్కోపు కిటికీ పక్కన ఉండేది. దాని ముందు కూర్చుని రెండు నెలలు ఎలుకల కాలేయంలో చచ్చిపోతున్న కణాలను లెక్కపెట్టాను. "ఇంత చదివి ఎలుకల చావులు లెక్కపెడతాండావా పాపా" అని మా బంధువు ఒకాయన పెళ్ళిళ్ళలో పదిమందినీ నవ్వించేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. అదే నా పని.

కణం రెండు రకాలుగా చస్తుంది. దెబ్బ తిని పగిలిపోవడం ఒకటి. రెండోది, తన చావుకు తానే ఏర్పాట్లు చేసుకోవడం. ముడుచుకుంటుంది, కేంద్రకాన్ని ముక్కలు చేసుకుంటుంది, పక్క కణాలు ఆ ముక్కలను మింగేస్తాయి. చుట్టూ వాపు కూడా రాదు. అలా ముక్కలవుతున్న కేంద్రకాలకు మాత్రమే అంటుకునే రంగు ఒకటి ఉంది. అవి గోధుమరంగులో కనిపిస్తాయి, బతికున్నవి నీలంగా ఉంటాయి. గోధుమరంగు కనిపించినప్పుడల్లా చేతిలోని కౌంటర్ నొక్కాలి. మొదటిసారి, కాలేయపు పొరలు అంటించిన గాజు స్లైడ్లను రంగులో ఎక్కువసేపు వదిలేశాను, అన్నీ గోధుమరంగుకు తిరిగాయి. నా పరిశోధనకు గైడుగా ఉన్న మేడం చూసి, "లివరంతా చంపేశావే" అంది. మళ్ళీ మొదటి నుంచి చేశాను.

నేను పరీక్షిస్తున్నది మా నాయన ఆకును. ఆత్మకూరు దగ్గర మా ఊళ్ళో ఆయన ప్రతి ఆదివారం పొద్దున్నే పచ్చకామెర్లకు పసరు పోసేవాడు. పరగడుపున, మజ్జిగలో కలిపి, మూడు వారాలు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. చాలామందికి తగ్గింది. చాలా కామెర్లు వాటంతటవే తగ్గుతాయని నేను తరువాత చదువుకున్నాను.

మా అన్నకు కళ్ళు పచ్చబడినప్పుడూ నాయన పసరే పోశాడు. మూడో వారంలో అన్న మాట తడబడింది, మమ్మల్ని గుర్తుపట్టలేదు. కర్నూలు ఆసుపత్రికి తెస్తే, ముందే తెచ్చి ఉండాల్సిందన్నాడు డాక్టరు. రెండు రోజుల్లో అన్న పోయాడు. నేను ఏడవలేదు. గట్టి పిల్ల అన్నారు. గట్టిదనమూ కాదు, పాడూ కాదు. నాకేమీ అనిపించలేదు, అంతే.

నాయన పసరు మానలేదు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, "నా ఆకు పని చేస్తాదో లేదో నువ్వే చూసి చెప్పమ్మా. చేయదంటే నిలిపేస్తా" అన్నాడు. ఆకు కోసి, నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో వేసుకుని బస్సులో తనే తెచ్చిచ్చాడు, ఎవరికీ చెప్పని దాని పేరూ నాకు చెప్పాడు. ఆకు పని చేసేదైతే అన్న చావు విధి. కాకపోతే నాయన పొరపాటు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ అనలేదు.

ఎలుకలను మూడు గుంపులు చేశాం. ఒక గుంపుకు ఏమీ ఇవ్వలేదు. ఒకదానికి కాలేయాన్ని పాడుచేసే మందు ఇచ్చాం. ఇంకోదానికి ఆ మందూ, దాంతోపాటు నాయన ఆకు రసమూ. ఏది ఏ గుంపో తెలిస్తే లెక్కపెట్టేవాళ్ళ కన్ను మొగ్గుతుంది. అందుకని మేడం స్లైడ్ల మీద ఒకటి, రెండు, మూడు అని మాత్రమే రాసి, అసలు పేర్లు కవరులో పెట్టి బీరువాలో దాచింది.

ఒకటో గుంపు నిండా గోధుమరంగే. రెండోదానిలో వెతికితే గానీ కనపడలేదు. మూడోది మళ్ళీ అచ్చం ఒకటోదానిలాగే ఉంది. అంటే ఏమీ ఇవ్వనిది రెండో గుంపు, మందు తిన్నవి మిగతా రెండూ. ఆకు పని చేసి ఉంటే ఆ రెండూ ఒకేలా ఉండవు. ఇంక కవరు విప్పాల్సిన పని లేదు. డబ్బాలోని జొన్నరొట్టె, ఊరిబిండి తినేసి, మిగిలిన స్లైడ్లన్నీ లెక్కపెట్టాను. తరువాత మేడం కవరు విప్పింది. తేడా లేదని రాసుకోమంది, రాసుకున్నాను.

ఆ ఆదివారం ఊరికి పోయాను. అప్పటికే అరుగు మీద ఒకామె, కళ్ళు పచ్చబడ్డ కూతురిని పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. నాయన లోపల మజ్జిగ కలుపుతున్నాడు.

"ఆకు ఇచ్చినా ఇయ్యకపోయినా ఒకటే నాయనా. తేడా ఏం లేదు" అన్నాను.

ఆయన చెంబు కింద పెట్టాడు. పసరు ఆకు పేరు బయటపెడితే గుణం పోతుందని మా ఇంట్లో నమ్మకం. అమ్మ వెంటనే అందుకుంది.

"పేరు ఈ పాపకు చెప్తివి కదా, అందుకే పని చేసిండదు."

నమ్మి అన్నదో, ఆయన కోసం అన్నదో నాకు తెలియదు. నేను కాదనలేదు. ఆయన ఆ మాటే పట్టుకుంటాడనుకున్నాను.

"వానికి పోసినప్పుడు నేను ఎవురికీ చెప్పలేదు కదా" అన్నాడు నాయన.

తరువాత లేచి అరుగు మీదికి పోయాడు. "ఈడ మందు లేదమ్మా. పాపను కర్నూలు ఆసుపత్రికి తీసకపో" అన్నాడు.

ఆమె కదల్లేదు. "శానామందికి తగ్గిందంట కదప్పా" అంది.

"నా కొడుక్కు తగ్గలేదు, తల్లీ."

నాకప్పుడు ఏడుపొచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. చెప్పులేసుకుని వాళ్ళిద్దరినీ బస్సు ఆగే చోటిదాకా తీసుకుపోయాను.