చీకటి ప్లేటు

ఈ మాటను ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుని తిరిగాను. ఇంట్లోవాళ్లకు తెలియదు. ప్రతి ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని పాపాలన్నీ ఒప్పుకుంటూ కూడా దీన్ని మాత్రం దాటేసేదాన్ని. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు, అందుకే నోరు పెగులుతోంది. ఇవాళ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. భయంతో అనుకునేరు, కాదు. సంతోషంతో. సిగ్గుమాలిన సంతోషం. ఎందుకో చెబుతాను.

రాజమండ్రిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివేటప్పుడు నాగమణి, నేను ల్యాబులో ఒకే బల్ల దగ్గర పనిచేసేవాళ్లం. వాళ్లది అంతర్వేది వైపు చేపల వేట కుటుంబం. వాళ్ల నాన్నగారి కాలికి చేప ముల్లు దిగి పుండు పడింది. ఎన్ని యాంటీబయాటిక్స్ వాడినా అది మానలేదు. లోపలి సూక్ష్మజీవులు మందులకు లొంగడం మానేశాయి. అప్పటినుంచి నాగమణికి ఒకటే ధ్యాస, మందు చేయలేని పని వెలుతురుతో చేయించొచ్చా అని.

మిథిలీన్ బ్లూ అని ఒక నీలం రంగు ఉంటుంది. సూక్ష్మదర్శినిలో సూక్ష్మజీవులు కనబడడానికి ప్రతి ల్యాబులోనూ వాడతారు. కొద్దిగా వేస్తే వాటికేమీ కాదు. కానీ ఆ రంగు పట్టిన సూక్ష్మజీవుల మీద ఎర్ర దీపం వేస్తే, రంగు ఆ వెలుతురును మింగి పక్కనున్న ఆక్సిజన్‌ను ఉసిగొల్పుతుంది. ఆ ఆక్సిజన్ సూక్ష్మజీవిని కాల్చేస్తుంది! ఒక్కచోట కాదు, దొరికినచోటల్లా. ఇక అది తట్టుకోవడం ఎలా నేర్చుకుంటుంది, ఏ వైపు నుంచి కాచుకుంటుంది? నాగమణి ఇదంతా క్యాంటీన్లో చేతులు తిప్పుతూ చెబుతుంటే నా టీ చల్లారిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు ఒళ్లు పులకరిస్తోంది.

దీనికి రుజువంతా చీకటి ప్లేటులో ఉంటుంది. రెండు గాజు ప్లేట్లలో ఒకే సూక్ష్మజీవులు, ఒకే రంగు. ఒకటి దీపం కింద తెరిచి పెట్టాలి. రెండోదాన్ని వెలుతురు సోకకుండా చుట్టి దాని పక్కనే పెట్టాలి. తెరిచినదాంట్లో చచ్చి, చుట్టినదాంట్లో బతికితే చంపింది వెలుతురన్నమాట. రెండింటిలోనూ చచ్చాయంటే రంగే విషం. విషాన్ని పుండు మీద ఎవరు వేస్తారు?

ఆ సాయంత్రం నాగమణి రంగు కలిపి, ప్లేట్లు సిద్ధం చేసి, "నువ్వు చుట్టి దీపం వెయ్యవే, నాకు బస్సు వెళ్లిపోద్ది" అని పరిగెత్తింది. చూస్తే ల్యాబులో వెలుతురు దూరని అల్యూమినియం రేకు కాగితం అయిపోయింది. బజారుకు వెళ్లి తేవడానికి బద్ధకం. నా బ్యాగులో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఉంది. ఒక్కో పూతరేకునూ తెల్లకాగితంలో చుట్టి ఇస్తారు కదా, ఆ కాగితాలు మూడు విప్పి ప్లేటు చుట్టూ బిగించాను. లోపల ఏమీ కనబడలేదు, చీకటే అనుకున్నాను. దీపం వేశాను. పూతరేకులు తింటూ కూర్చున్నాను.

దీపం ఆర్పాక కాగితాలు తీసేసి, సూక్ష్మజీవులు పెరగడానికి ప్లేట్లను వెచ్చగా పెట్టాను. మర్నాడు చూస్తే రెండూ ఖాళీ. ఒక్క సూక్ష్మజీవి కూడా లేదు.

"ఏంటమ్మా ఇది, రెండూ చచ్చాయి?" అన్నారు మా సార్.

"అలా అవ్వదండి. చీకట్లో రంగు ఏమీ చెయ్యదండి. ఇంకోసారి చేసి చూపిస్తానండి," అంది నాగమణి.

సార్ నా వైపు తిరిగారు. "నువ్వు సరిగ్గానే చుట్టావా?"

అప్పుడు కిటికీ దగ్గరున్న పూతరేకుల పెట్టె మీద నా కళ్లు పడ్డాయి. మిగిలిన కాగితాల్లోంచి ఎండ తెల్లగా ఇవతలికి వస్తోంది. వెలుతురు దూరే కాగితం! నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసే అన్నాను, "సరిగ్గానే చుట్టానండి."

"అయితే రంగు ఎక్కువ పోసేసుంటావ్ నాగమణీ. చేతులు కుదురు లేనివాళ్లకి ల్యాబు పనికిరాదమ్మా."

నాగమణి తన చేతుల వంక చూసుకుంది. "ఆయ్, నేనే ఎక్కువ పోసుంటానండి," అంది.

ఎందుకు అబద్ధమాడాను? తిడతారని భయపడ్డానా? ఇన్నాళ్లూ అలాగే సర్దిచెప్పుకున్నాను. కాదు. ఇద్దరిలో ఒకరినే సార్ పీహెచ్‌డీకి తీసుకుంటానన్నారు. నాది వేపాకు రసం మీద పని, చప్పగా ఉండేది, నాకే విసుగు. నాగమణి ఆలోచన వింటే నాకే దాని వెనక పోవాలనిపించేది. అంత గొప్పదాన్ని నిలబెట్టే ఒక్క మాట నా నోట్లో ఉంటే, నేను దాన్ని మింగేశాను. సీటు నాకొచ్చింది. ఉద్యోగమూ వచ్చింది. నాగమణి చదువుకు దండం పెట్టి గుమాస్తా పనిలో చేరిపోయింది.

మొన్న పంటి చిగురు వాచి డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన చిగురులో నీలం చుక్క వేసి, కొసన ఎర్ర దీపం వెలిగే పుల్ల పట్టుకుని, "సూక్ష్మజీవుల్ని చంపడానికండి, నొప్పుండదు," అన్నారు. అయ్యబాబోయ్! నోరు తెరిచే ఉంది, కేక రాలేదు గానీ కుర్చీలోంచి సగం లేచిపోయాను. ఆయన బెదిరిపోయి దీపం తీసేశారు. నాకు కన్నీళ్లు. నొప్పా అని అడిగారు, తలూపాను.

తిన్నగా నేను పనిచేసే కాలేజీ ల్యాబుకు వెళ్లాను. అదే రంగు, అదే ఎర్ర దీపం. ఈసారి చీకటి ప్లేటుకు రేకు కాగితం పొరల మీద పొరలు చుట్టాను. ఇవాళ పొద్దున్న మూతలు తీస్తే, తెరిచిన ప్లేటు అద్దంలా ఉంది! చుట్టిన ప్లేటు నిండా సూక్ష్మజీవులు, గుంపులు గుంపులు, హాయిగా బతికున్నాయి. ఎగిరి గంతేశాను. ఈ వయసులో, స్టూళ్ల మధ్య, ఒక్కదాన్నే! నాగమణి చెప్పింది నిజం. అక్షరం అక్షరం నిజం. ఆ ఊపులోనే, తన నెంబరు వెతికి ఫోన్ చేశాను. అంతా చెప్పేశాను, ఊపిరి తీసుకోకుండా. సంతోషం పట్టలేక, నువ్వే గెలిచావే అని కూడా అన్నాను.



"నా చేతులే మంచివి కావనుకున్నానే," అంది నాగమణి. "పిల్లల జ్వరానికి సిరప్పు కొలవాలన్నా మా ఆయన్నే పొయ్యమనేదాన్ని. నేను పోస్తే ఎక్కువైపోద్దేమోనని."

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేశాను, ఎత్తలేదు.

క్షమించమని అడగలేదు. అడగడానికి నాకు ముఖం లేదు. గెలిచావే అని ఎలా అనగలిగాను? ఆ మాట వెనక్కి తీసుకోలేను. కానీ ఒకటి ఉన్నదున్నట్టు చెప్పాలి. తప్పు తనది కాదని నాగమణికి ఇప్పుడు తెలుసు. తెలిసి నన్ను అసహ్యించుకుంటోంది. అయినా నాకు తేలిగ్గా ఉంది.