లక్షా ఇరవై వేల లీటర్లు

రాజరత్నం పాతికేళ్ళుగా కాకినాడలో ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క యజమానీ వాననీళ్ళు ఎటు పోతాయని అడిగిన పాపాన పోలేదు. పునాది పక్కింటికన్నా అడుగు మెరకగా ఉంటే చాలు, గేటు దాటిన నీళ్ళతో ఎవరికీ పనిలేదు. ఈ వరస చూసి చూసి ఆయనకు ఒళ్ళు మండిపోయేది.

అందుకే 2008లో ఇనుము వ్యాపారి చంద్రరావు గారు అరెకరంలో గ్రీన్ బిల్డింగ్ కడుతున్నానని, సర్టిఫికెట్ కోసం వాననీళ్ళ లెక్క వేసి పెట్టమని అడిగితే పొంగిపోయాడు. రెండు వేల చదరపు మీటర్ల జాగా. ఒక్క రోజులో పది సెంటీమీటర్ల వాన పడితే, ఖాళీ నేల మీంచి అరవై వేల లీటర్లు బయటికి పారతాయి. స్లాబూ సిమెంటూ పరిచాక అవే లక్షా ఎనభై వేలు. పెరిగిన లక్షా ఇరవై వేలనూ ఆ జాగాలోనే ఒక గుంటలో ఆపి, మెల్లగా డ్రైన్లోకి వదలాలి. నేల వాలు నైరుతికి, మునిసిపల్ డ్రైనూ ఆ పక్కనే. గుంట నైరుతి మూల గీసి, తన పనికి తనే మురిసిపోయాడు.

ఆ మురిపెం నాలుగు రోజులు. వాస్తు సిద్ధాంతి వచ్చి, నైరుతిలో గొయ్యి ఉంటే యజమాని ప్రాణానికే ముప్పన్నాడు. నైరుతి ఎత్తుండాలట, నీళ్ళు ఈశాన్యం నుంచే బయటికి పోవాలట. చంద్రరావు వెంటనే లారీల కొద్దీ గ్రావెల్ తోలించి నైరుతి లేపారు. ఈశాన్యంలో కారు షెడ్డుకి పోగా మిగిలిన చోట నుయ్యంత గొయ్యి తవ్వించి, ప్రహరీ అడుగున కన్నాలు పెట్టించారు.

ఆ కన్నాల అవతల బుల్లెమ్మ పెంకుటిల్లు. ఆమె అరుగు మీద ఇడ్లీలు వేసి అమ్ముతుంది. రాజరత్నం రోజూ అక్కడే టిఫిను చేసి, చంద్రరావుని లోలోపల తిట్టుకుంటూ సైటుకి వెళ్ళేవాడు. మూడు నెలలు పోట్లాడాడు. డ్రైను లేని వైపుకి నీళ్ళు మళ్ళించడం అన్యాయమన్నాడు, తవ్వించిన గొయ్యి ఆ లక్షా ఇరవై వేల లీటర్లలో పదో వంతుకి కూడా చాలదన్నాడు.

చంద్రరావు కోప్పడలేదు. "లెక్క కాగితానికండి, వాస్తు మనకండి. మీరు సంతకం పెట్టేయండి" అన్నారు.

పెట్టేశాడు. కాగితం మీద గుంట నైరుతిలోనే ఉంది కాబట్టి తన లెక్క తప్పు కాదని సర్దిచెప్పుకున్నాడు. అంత చదువూ, అంత కోపమూ చివరికి ఆ ముక్క చెప్పుకోవడానికే పనికొచ్చాయి.

మరుసటి ఏడాది కార్తీకంలో, బిల్డింగు పూర్తయి సర్టిఫికెట్ అద్దాల ఫ్రేములోకి ఎక్కాక, వాయుగుండం పట్టింది. వాన వెలిసిన పొద్దున్న రాజరత్నం పరుగున వెళ్ళాడు. బుల్లెమ్మ ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. బియ్యం, మినప్పప్పు బస్తాలు నాని ఉబ్బిపోయాయి. ఆమె సత్తు గిన్నెతో నీళ్ళు తోడి వీధిలో పోస్తోంది.

ఆయన ఆగలేక గుమ్మంలోనే మొదలుపెట్టాడు. నైరుతి గుంట, సిద్ధాంతి, గ్రావెల్, లక్షా ఇరవై వేల లీటర్లు, అన్నీ ఏకరువు పెట్టాడు. ఇదంతా చంద్రరావు చేసిన పాపమన్నాడు.

బుల్లెమ్మ గిన్నె ఆపి విన్నది.

"ఇన్ని నీళ్ళొస్తాయని తమరికి ముందే తెలుసాండి?"

"తెలుసమ్మా. అందుకే గదా ఆయనతో అంత గొడవ పడ్డాను."

"రోజూ ఈ అరుగు మీదే కూర్చుని తిన్నారు కదండీ. నాకొక్క మాట చెప్పుంటే బస్తాలు అటకెక్కించుకునేదాన్ని."

బుల్లెమ్మ మళ్ళీ వంగి నీళ్ళు తోడడం మొదలుపెట్టింది.