మూడు అక్షరాల ఖాళీ

వీధిలో అందరికీ అతను బోర్డు మావయ్య. ముప్పై ఏళ్లుగా గోడల మీదా దుకాణాల తలుపుల మీదా అక్షరాలు రాస్తున్నాడు. ముందు సుద్ద పూసిన దారాన్ని గోడకు బిగించి, లాగి వదులుతాడు. తెల్లటి గీత పడుతుంది. ఆ గీత మీద అక్షరాలు కూర్చుంటాయి.

అతనికి ఎక్కువ పని ఇచ్చింది దాతలు. బడికి బల్లలు ఇచ్చినవాళ్లు, ఆసుపత్రికి మంచాలు ఇచ్చినవాళ్లు, పార్కుకు బెంచీలు ఇచ్చినవాళ్లు. ఆ పనికి ఒక కొలత ఉంది. దాత పేరు జానెడు, ఇచ్చిన వస్తువు పేరు బెత్తెడు. ఎవరూ నోరు తెరిచి చెప్పరు, రాసేవాడికే తెలియాలి. మొదట్లో తెలియక రెండూ ఒకే ఎత్తులో రాశాడు. దాత వచ్చి చూసి, బెంచీ బాగానే కనిపిస్తోంది, నేనెక్కడున్నానయ్యా అని అడిగాడట. ఇంకొకాయన గ్రంథాలయానికి ఫ్యాను ఇచ్చి, మూడు రెక్కల మీదా తన పేరు రాయించుకున్నాడు. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు. అందుకని ఆయన వచ్చినప్పుడల్లా ఫ్యాను ఆపేసేవారు. చదువుకునేవాళ్లు చెమట తుడుచుకుంటూ లేచి నమస్కారం పెట్టేవారు.

ఈ కథ చెప్పి అతను తెగ నవ్వేవాడు. భార్య జబ్బు పడ్డాక చెప్పడం మానేశాడు.

ఆమె నూలు మిల్లులో ఇరవై నాలుగేళ్లు పనిచేసింది, దూది ఏకే గదిలో. ఆ గదిలో గాలి తెల్లగా ఉండేదని చెప్పేది. సాయంత్రం ఇంటికొచ్చి తల దులుపుకుంటే గడప దగ్గర నేల తెల్లబడేది. మొదట పొద్దున్న పూట దగ్గు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఆ తర్వాత మాటకూ మాటకూ మధ్య ఆగడం. మిల్లు డాక్టరు చూసి, కాగితం మీద ‘ఉబ్బసం, వంశపారంపర్యం’ అని రాశాడు. ఆ కాగితంతోనే ఆమెను ఇంటికి పంపేశారు.

“మా అమ్మ ఎనభై రెండేళ్లు బతికింది. ఒక్కరోజు తుమ్మిన పాపాన పోలేదు,” అంది ఆమె. “పోయాక దగ్గు అంటగట్టారు పాపం.”

ఎదురింటి ముందు ఇస్త్రీ బండి ఉండేది. బొగ్గుల పెట్టె. బొగ్గు రాజుకునేటప్పుడు వచ్చే పొగ నేరుగా వీళ్ల కిటికీలోకే వచ్చేది. ఒకరోజు ఇస్త్రీ ఆవిడ ఎవరికీ చెప్పకుండా బండి తోసుకుంటూ వీధి అవతలి కొసకు వెళ్లిపోయింది. అక్కడ గిరాకీ సగం. ఎందుకు మార్చావమ్మా అని అడిగితే, అక్కడ నీడ బాగుంది మావయ్యా అంది. అక్కడ నీడే లేదు. అతను ఊరికే ఉండలేక, బండికి ఒక బోర్డు రాసిస్తానన్నాడు.

“నా పేరు జానెడు రాస్తావా?” అని పకపకా నవ్వింది ఆవిడ. “చొక్కాలకు మసి అంటుకుంటుంది, వద్దులే.”

భార్యకు రోజూ పొద్దున రెండు గంటలైనా ఆక్సిజన్ పట్టాలని పెద్దాసుపత్రిలో చెప్పారు. పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారాలి. మొదటి బస్సు మెట్టు దగ్గరే ఆమె కూలబడిపోయేది. నాలుగుసార్లు వెళ్లారు. ఐదోసారి ఆమె చెప్పులు వేసుకోలేదు.

ఆ నెలలోనే వీధి చివర ఉన్న చిన్న ఆసుపత్రిలో ఊపిరి వార్డు కడుతున్నారని తెలిసింది. ఆరు మంచాలు, ఆరు ఆక్సిజన్ మిషన్లు. కట్టించేది మిల్లు. మిల్లు పెట్టి యాభై ఏళ్లయిందట. గోడ మీద రాయడానికి బోర్డు మావయ్యకే కబురొచ్చింది.

మిల్లు మేనేజరు ఒక చీటీ ఇచ్చాడు. ముసలి యజమాని తన చేత్తో రాసిన చీటీ, అక్షరాలు వణుకుతున్నాయి. పైన మిల్లు పేరు. కింద ఒకే వాక్యం: ‘సమాజానికి తిరిగి ఇస్తున్నాం.’

అతను ఆ చీటీని చాలాసేపు చూశాడు. ఇంతవరకూ ఎందరో దాతల మాటలు రాశాడు. ఉదారంగా, ప్రేమతో, సేవాభావంతో. తీసుకున్నామని ఒప్పుకున్న దాత ఒక్కడూ తగల్లేదు. ఆ వాక్యంలో ఒక్క మాట ఒప్పుకుంటోంది. అతను కొలత తప్పాడు. మిల్లు పేరు జానెడే రాశాడు, కింది వాక్యమూ జానెడే రాశాడు. నల్ల ఎనామిల్‌తో రెండు పూతలు. ‘తిరిగి’లో మూడు అక్షరాలు, మూడింటికీ గుడులు. ఆ మూడు గుడులనూ ఒకే వంపులో తిప్పాడు. ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆమె ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

ప్రారంభానికి రెండు రోజుల ముందు మేనేజరు మళ్లీ పిలిచాడు. ‘తిరిగి’ తీసేయాలన్నాడు. తిరిగి ఇస్తున్నాం అంటే ఏదో తీసుకున్నట్టే కదా అని వకీలు గారి అనుమానమట. రేపు ఎవరైనా ఆ గోడ ఫోటో పట్టుకుని కోర్టుకెక్కితే ఏం చెప్పాలి?

“తీసుకోలేదా సార్?” అని అడిగాడు బోర్డు మావయ్య.

మేనేజరుకు కోపం రాలేదు. “పెద్దాయనా, నువ్వు రాసేవాడివి. చదివేవాడివి కాదు.”

అతను సున్నం తెచ్చి ఆ మాట మీద కొట్టాడు. నూనె రంగు మీద సున్నం పట్టదని పని నేర్చుకున్న మొదటి వారంలోనే తెలుస్తుంది. మేనేజరుకు తెలియదు. అతను తెలిసే కొట్టాడు.

ప్రారంభం రోజున ముసలి యజమానిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆయన గోడ వైపు చూసి, ఒక మాట తగ్గిందే అన్నాడు. స్థలం చాల్లేదు నాన్నగారూ అన్నాడు కొడుకు. ఆయన మూడు అక్షరాల ఖాళీని అలాగే చూస్తుండగా, ఫోటో కోసం కుర్చీని ఇటు తిప్పేశారు.

మర్నాడు వార్డులో చేర్చుకోవడం మొదలుపెట్టారు. ఎవరైనా రావచ్చు, ఒక ఫారం నింపాలి. బల్ల దగ్గర కూర్చున్న నర్సు, చివరి వాక్యం చదవకుండానే వేలితో చూపించి, ఇక్కడ సంతకం అంది. బోర్డు మావయ్య చదివాడు. ‘నా శ్వాసకోశ వ్యాధికీ గతంలో నేను చేసిన ఏ ఉద్యోగానికీ సంబంధం లేదని తెలిసి సంతకం చేస్తున్నాను.’

మళ్లీ చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పద పోదాం అన్నాడు భార్యతో.

ఆమె లేవలేదు. ఆ నాలుగడుగులు నడిచి వచ్చిన ఆయాసమే ఇంకా తగ్గలేదు. లోపల ఒక మంచం ఖాళీగా ఉంది. దాని పక్కన మిషను చిన్న చప్పుడు చేస్తోంది. ఆమె అటే చూస్తోంది.

“ఆ కాగితం ఇలా ఇవ్వండి.”

“అబద్ధమే అది.”

“తెలుసు. ఇరవై నాలుగేళ్లు...” ఆగి ఊపిరి పీల్చింది. “వాళ్ల దూది మింగాను. ఈ ఒక్క ముక్క మింగలేనా?”

సంతకం పెట్టింది. కలం పట్టి ఎన్నాళ్లయిందో, అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. అతను ఆ అక్షరాలను సరిచేయాలన్నట్టు చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు.

ఆ పొద్దున రెండు గంటలు ఆమె మామూలు మనిషిలా ఊపిరి తీసింది. పెదవులకు రంగొచ్చింది. వరసగా మూడు వాక్యాలు ఆగకుండా మాట్లాడింది. అందులో రెండు అతన్ని తిట్టడానికే. అతను చాలా సంతోషించాడు. ఆ సంతోషం అతనికి నచ్చలేదు.

వానలు పడ్డాయి. మొదటి వానకు సున్నం పొక్కులు తేలింది. రెండో వానకు మూడు గుడులు బయటపడ్డాయి, గోడలోంచి ఎవరో వేళ్లు చాపినట్టు. వారం తిరిగేసరికి మాట మొత్తం వచ్చేసింది. వచ్చేపోయేవాళ్లు నిలబడి చదివారు. మిల్లులో చేసి దగ్గుతున్నవాళ్లు ఇంకో పదిమంది ఉన్నారు ఆ చుట్టుపక్కల. వాళ్లు రెండేసిసార్లు చదివారు.

మేనేజరు ఇంటికే వచ్చాడు. ఈసారి పెద్దాయనా అనలేదు. మంచాలు ఆరే ఉన్నాయని, బయట నలభై మంది ఎదురుచూస్తున్నారని, ఎవరిని ఉంచాలో ఎవరిని ఆపాలో నెలనెలా చూస్తారని, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పాడు. అమ్మగారి ఆరోగ్యం అడిగాడు. వెళ్లిపోయాడు.

అతను కుంచెలు ముందేసుకుని కూర్చున్నాడు. చెరపడం నా పని కాదు అన్నాడు, గోడతో అన్నట్టు.

“పూసి రండి,” అంది ఆమె లోపలి నుంచి. “నేను సంతకం పెట్టిన రోజే పోయింది ఆ మాట. మీరు ఆలస్యంగా పూస్తున్నారంతే.”

అతను వెళ్లాడు. ఉప్పుకాగితంతో గీకాడు. మూడు అక్షరాలూ పలచబడే వరకు గీకి, తెల్ల ఎనామిల్ రెండు పూతలు వేశాడు. ఎప్పటికీ రాకుండా, పనిమంతుడు వేసినట్టే వేశాడు. మేనేజరు చూసి, ఆ ఖాళీ అసహ్యంగా ఉంది, ‘ఇస్తున్నాం’ను కాస్త ఇటు జరపలేవా అన్నాడు.

“ఎండిపోయాయి సార్,” అన్నాడు బోర్డు మావయ్య. “ఎండిన అక్షరాలు జరగవు.”

ఆ ఒక్కటి మాత్రం ఒప్పుకోలేదు. కొత్తగా మొత్తం రాయించడానికి ఇంకొకర్ని వెతకాలి. మేనేజరు వెతకలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున భార్యను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు. దారిలో ఇస్త్రీ ఆవిడ ఎండలో నిలబడి తలెత్తి పలకరిస్తుంది. ఆసుపత్రి మెట్ల దగ్గర అలసట తీర్చుకుంటూ భార్య ఆ గోడను పైకే చదువుతుంది. సమాజానికి అని చదివి, ఆగి, ఊపిరి తీసుకుని, ఇస్తున్నాం అంటుంది. వెనకాల వచ్చేవాళ్లూ అక్కడే ఆగి చదువుతారు. ఊపిరి అందక ఆగుతున్నారో, అక్కడ ఏముండేదో గుర్తుండి ఆగుతున్నారో అతను ఎవరినీ అడగలేదు.