కిటికీ దగ్గర తడి బూట్లు

నారిన్ కొండల్లోని ఒక ఆసుపత్రిలో, కడుపులోకి గొట్టం దింపి చూసే గదిలో బురుల్చా పాతికేళ్లుగా నర్సు. ఆ మార్చిలో తాష్తాన్ డాక్టరుగారికి ఒక పట్టుదల పుట్టింది. గొట్టానికి ముందు నరంలోకి ఎక్కించే మత్తుమందుల్లో ఏది మేలో తేల్చాలట. ఒకటి పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫోల్. అది ఎక్కితే మనిషి మొద్దులా పడుకుంటాడు, ఆపగానే లేస్తాడు. రెండోది నీళ్లలా ఉండే మిడజోలం. దాంతో మనిషి సగం మెలకువలో ఉంటాడు, చెప్పినట్టు వింటాడు, మాట్లాడతాడు, లేచాక ఒక్క ముక్క గుర్తుండదు. ఎవరికి ఏదన్నది చీటీ తీసేవారు. ఎప్పుడు కళ్లు తెరిచారు, ఏమన్నారు, ఏం గుర్తుంది, ఇవన్నీ పుస్తకంలో ఎక్కించడం బురుల్చా పని.

మొదట ఒక పంతులమ్మ. గొట్టం తీశాక మత్తులోనే కిటికీ వైపు చూసి, "ఆయన్ని కూర్చోమనండమ్మా, ఎంతసేపని నిలబడతాడు" అంది. కిటికీ దగ్గర ఎవరూ లేరు. బురుల్చా నవ్వుకుని రాసుకుంది. మూడోనాడు ఒక గొర్రెలకాపరి, "తలుపెయ్యండి, మంచులోంచి వచ్చాడు, వణికిపోతున్నాడు" అన్నాడు. ఇక నవ్వు రాలేదు. తెల్లమందు వాళ్లలో ఒక్కరూ నోరు మెదపలేదు. నీళ్లమందు వాళ్లలో ఆరుగురు ఆ మనిషిని చూశారు. లేచాక అడిగితే ఆరుగురూ "ఏ మనిషి?" అన్నవాళ్లే.

ఆరో మనిషి ఒక ముసలమ్మ. "పాపం, ఎడమ బూటు ఎర్రదారంతో కుట్టుంది" అంది ఆవిడ. చిన్న నర్సు ఐజమాల్ అప్పుడే కిటికీ కింద నీళ్లు తుడుస్తూ, పైకప్పు కారుతోందేమోనని గొణుగుతోంది. కప్పు పొడిగానే ఉంది.

ఎర్రదారం మాట వినగానే బురుల్చా రాయడం ఆపేసింది. ఆమె భర్త పేరు నేను చెప్పాలి, ఆమె చెప్పదు: ఎసెన్. లారీ నడిపేవాడు. పదకొండేళ్ల కిందట కనుమలో మంచుతుఫాను పట్టుకుంది. లారీ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ పొద్దున ఎడమ బూటు చిరిగితే, నల్లదారం అయిపోయి ఎర్రదారంతో కుట్టి పంపింది. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ప్రతి గురువారం పోయినవాళ్ల కోసం ఇంటింటా నూనెలో రొట్టెలు వేయిస్తారు, ఆ వాసన వాళ్లకు అందుతుందని. ఈమె మాత్రం పదకొండేళ్లుగా మూకుడు ముందు నిలబడి, పోయాడనుకోవాలో లేదో తేలక ఏడ్చేది. ఎక్కడున్నాడో తెలిస్తే చాలు. కడిగి, నమాజు చదివించి, మట్టి చేయాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

ఏడాదిగా ఆమెకు కడుపులో మంట ఉండనే ఉంది.

"నా కడుపూ చూడండి డాక్టరుగారూ. చీటీ వద్దు, నీళ్లమందే ఇవ్వండి."

"తెల్లమందు హాయి కదమ్మా?"

"నాకు హాయి వద్దండి."

తరువాత ఐజమాల్‌ని పక్కకు లాగింది. "నేనేమంటే అది రాయి. లేచాక నాకేమీ గుర్తుండదు, నీ రాతే నాకు దిక్కు. ఊరి పేరో, గుట్ట పేరో, ఏదైనా నా నోటితో చెప్పించు."

"నాకు భయమేస్తోందక్కా."

"భయపడుతూనే రాయవే."

బురుల్చా కళ్లు తెరిచేసరికి ఐజమాల్ పుస్తకం పట్టుకుని పక్కనే ఉంది.

"ఏమన్నాను?"

"కాళ్లు ముడుచుకుని చోటిచ్చావక్కా. 'కూర్చోండి, తడిసిపోయారు' అన్నావు. 'ఎక్కడున్నారు?' అని అడిగావు. ఆ తర్వాత తొమ్మిది నిమిషాలు తలూపుతూ విన్నావు. అప్పుడు, 'అక్కడా! మేమంతా రోడ్డు పక్కనే తవ్వాం కదండీ' అన్నావు. ఎక్కడక్కా, పేరు చెప్పు అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, 'ఆ పేరు నేను అనకూడదమ్మా' అన్నావు."

పాడు అలవాటు, చేతికందింది జారవిడిచిందే అని బురుల్చాకి దుఃఖం పొంగింది. అంతలోనే ఆగింది. కోడలు భర్త పేరూ, అత్తింటి పెద్దల పేర్లూ పలకదు. ఆమె పలకని పేర్లు మొత్తం నాలుగు: భర్త, ఇద్దరు బావగార్లు, మామగారు. వాటిలో కొండమీద ఒక చోటికి పెట్టిన పేరు ఒక్కటే. మామగారు గొర్రెలు కాచిన దొడ్డి, కనుమకు చాలా పైన, ఇప్పుడు ఒక గోడ పడిపోయి ఉంది. ఊరంతా ఆయన పేరుతోనే పిలుస్తారు, ఈమె ఒక్కతే పైదొడ్డి అంటుంది. భర్త చిన్నప్పుడు నాన్న పక్కన పడుకున్న చోటు అది. దారి తప్పినవాడు ఇంకెక్కడికి పోతాడు?

కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే ఆఫీసుకు ఫోను చేసింది.

"కనుమ పైన పాతదొడ్డిలో వెతకాలండి."

"అక్కడ అయిదు పాతదొడ్లున్నాయమ్మా. ఎవరిది?"

ఆ పేరు తాను చెబుతానని ఐజమాల్ ఫోను అందుకోబోయింది. బురుల్చా ఇవ్వలేదు. కిటికీ వైపు తిరిగి, తలగుడ్డ సర్దుకుని, పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి మామగారి పేరు పలికింది.

"సాటార్ దొడ్డి" అంది. "పడిపోయిన గోడ కింద చూడండి. ఎడమ బూటుకి ఎర్రదారం ఉంటుంది."