ఈశ్వరమ్మకు ఎక్కాల్సిన సీసా

ఆ రోజు లేస్తూనే నా కాలి పిక్కలు పట్టేశాయి. ఎనభైల్లో కరువు ఏడాది. కంబదూరు దగ్గర ఒక పల్లెలో బావులెండిపోయి, వంకలో చెలమ నీళ్లు తాగిన జనం వాంతులు, విరేచనాలతో పడిపోయారు. ఊరి బడిలోనే క్యాంపు. నర్సులం ఇద్దరమే, నేనూ రత్నమ్మక్కా. మధ్యాహ్నానికి నేనూ చాపెక్కాను. బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు.

డాక్టరు నాడి పట్టుకుని, "పల్స్ అందడం లేదు. సివియర్ డీహైడ్రేషన్. వెంటనే సెలైన్ పెట్టాలి" అన్నారు.

మిగిలింది ఒక్క సీసా. అది నా పక్క చాపమీది ఈశ్వరమ్మది. చెనక్కాయ కూలికి పోయే మనిషి. మొదటి సీసాకు కాస్త తేరుకుంది. సీసాల కోసం కల్యాణదుర్గం పోయిన జీపు ఇంకా రాలేదు.

"ఈమెకు పెట్టాల్సింది మనోళ్లకు పెట్టుకుంటే ఎట్ల సార్?" అంది రత్నమ్మక్క.

"ఆమె మింగగలదు. ఓఆర్ఎస్ చాలు. సిస్టరు లేస్తే పదిమందిని లేపుతుంది."

సీసా నాకెక్కింది. రత్నమ్మక్క చెంబులో ఓఆర్ఎస్ కలిపి ఈశ్వరమ్మ కొడుకు చేతికిచ్చి, "గుక్క గుక్కా తాపుతా ఉండప్పా" అని వేరే రోగి దగ్గరికి పరుగెత్తింది. అతను చెంబుమీద మూత పెట్టి గోడవారన ఉంచాడు. విరేచనాలైతే మావైపు నీళ్లు ఆపేస్తారు.

"నీళ్లప్పా..." అని ఈశ్వరమ్మ అడుగుతూనే ఉంది.

"తాగితే ఇంకా ఎక్కువైతాదిమా. రోంత ఓర్చుకో" అని కొడుకు తల నిమిరాడు. నాకన్నీ వినిపిస్తున్నాయి. నాలుక కదల్లేదు.

పొద్దు వాలాక జీపు వచ్చింది. అప్పటికే ఈశ్వరమ్మ లేదు. రత్నమ్మక్క మూత తీసింది. చెంబు నిండుగా ఉంది.

"ఒక చుక్క గూడా తాపలేదక్కా. శానా జాగ్రత్తగా చూసుకుంటి. అయినా పోయింది" అని ఏడ్చాడు కొడుకు.

"డెసిషన్ కరెక్టే" అన్నారు డాక్టరు, ఎవరూ అడక్కుండానే.

నాకు మూత్రం సరిగా రావడానికి రోజులు పట్టాయి. సిస్టరు బతికిందని పెద్దమనుషులొచ్చి సంతోషపడ్డారు. ఈశ్వరమ్మ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆ కొడుకుమీద నాకు కోపం లేదు. ఊరంతా పడిపోతే ఇద్దరు నర్సులనూ చాలీచాలని సీసాలనూ పంపి, ఎవరిని బతికించుకుంటారో మీరే తేల్చుకోండని వదిలేసిన వాళ్లమీద మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు చిలమత్తూరు వైపు పనిచేస్తున్నాను. తోటి నర్సులకు ఒక్కటే చెబుతాను. చెంబు చేతికిచ్చి వెళ్లిపోకండి. మొదటి గుక్కలు మీరే తాగించండి. విరేచనాలవుతున్నా నీళ్లు ఆపకూడదని ఇంటివాళ్లకు విడమరిచి చెప్పండి. ఎంత పనిలో ఉన్నా మళ్లీ వచ్చి, చెంబుమీద మూత తీసి చూడండి.