ఖాలాకు తల తిరిగిన రోజులు

ఎనభైల చివర్లో మట్టెవాడలో ఒక ముస్లిం పెద్దావిడ ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. భర్త పోయాక ఆమె ఒక్కతే ఉండేది. కొత్త కాపురానికి వచ్చిన నాకు మొదట దగ్గరైన మనిషి ఆమే. పిన్నీ అన్నట్టుగా ఖాలా అని పిలిచేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆమె గదిలో ఏదో పడ్డ చప్పుడైంది. పరుగెత్తి వెళ్తే, నమాజు చాప మీద పక్కకు ఒరిగి, రెండు చేతులతో నేలను పట్టుకుని ఉంది.

"సజ్దాకు వంగిన బిడ్డా. ఇల్లంత గిర్రున తిరిగింది."

అప్పట్నుంచి తల వంచినా, పడుకుని పక్కకు తిరిగినా అంతే. కూర్చునే నమాజు చేసుకోవచ్చని అందరూ చెప్పారు. అట్లాగే చేసేది గానీ, "నుదురు నేలకు ఆనకపోతే నాకు నమాజు చదివినట్టే ఉంటలేదు" అని కళ్ళు తుడుచుకునేది.

రిక్షాలో దవాఖానకు తీసుకెళ్ళాను. చెవుల డాక్టరు ఆమె తల ఒక పక్కకు తిప్పి, బల్ల మీద గబుక్కున పడుకోబెట్టాడు. నీళ్ళలో ఎండ వణికినట్టు ఆమె కనుపాపలు వణికాయి. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఫికర్ చేయకమ్మా. చెవి లోపల సన్న ఇసుక అసొంటిది జాగ తప్పింది. గోలీలతోని పోదు. తల తిప్పుకుంట, పండుకుంట, లేసుకుంట ఉంటె సర్దుకుంటది."

మంచం అంచున కూర్చుని, తల ఎడమకు తిప్పి కుడిపక్కకు ఒరగాలి. ముప్పై లెక్కపెట్టి లేవాలి. మళ్ళీ తల కుడికి తిప్పి ఎడమపక్కకు. పూటకు ఐదుసార్లు. తల పట్టుకునేది, లెక్కపెట్టేది నేను. గోరింటాకు వాసన వేసే ఆ జుట్టు నా అరచేతుల్లో ఉండగా, పెంకుల మధ్య అద్దంలోంచి పడే వెలుగు గోడ మీద మెల్లగా జరిగేది. గది మా ఇద్దరినీ ఎటో తీసుకుపోతున్నట్టుండేది.

"ఏం కనబడ్తాంది ఖాలా?"

"కాశిబుగ్గల మా అమ్మగారిల్లు. అమ్మ రాట్నం తిప్పుతాంది. నేను దాని నడుమ కూసున్న." కళ్ళు మూసుకునే నవ్వింది. "ఎన్నయినయి?"

"మర్సిపోయిన."

"అయితే మల్ల ఒకటి నుంచి."

రెండోవారంలో ఒకరోజు ఒరిగి, చాలాసేపు కప్పును చూసింది. "ఇల్లు ఆగింది బిడ్డా," అంది. కాసేపటికి, "అమ్మ గూడ పోయింది" అని మెల్లగా అంది.

ఆ సాయంత్రం చాప పరిచి, నన్ను గుమ్మం దగ్గర నిలబడమంది. వంగింది. నుదురు నేలకు ఆనింది. ఎంతకూ లేవదు. భయమేసి ఒక అడుగు లోపలికి వేశాను. అప్పుడు నెమ్మదిగా లేచింది. నుదుటి మీద చాప అల్లిక అచ్చు పడి ఉంది.

నమాజు పూర్తిచేసి నా వైపు తిరిగింది.

"గట్ల సూస్తానవేంది? పో, పొయ్యి మీద పాలు పొంగుతానయి."